చెఱువు క్రింది చేమ

కందకు లేని దురద కత్తిపీటకేల యని మన పెద్దలు పరిహాసమాడిరి. నేడా కందయు, దాని తోబుట్టువగు చేమయు మన మెట్టసీమ పెరళ్లనుండి తొలగుచుండగా, మనకు చీమకుట్టినట్లైనను లేదు. దురద పుట్టవలసిన సమయ మిదియే.

చేమకుటుంబమున 3,000కు పైబడిన జాతులు కలవు. వానిలో పెక్కింటికి పుట్టినిల్లు ఎడతెగక వానలు గురియు ఉష్ణమండలారణ్యములు. అట్టి వంశమున బుట్టిన మొక్కకు, ఏటికి సుమారు 22 అంగుళముల వర్షముతో సరిపెట్టుకొను అనంతపుర పీఠభూమిలో, చిలమత్తూరు వంటి చోట నేమి పని యని పాఠకు లడుగవచ్చును. చెఱువు తూము క్రిందనో, కపిలబావి కాలువ యొడ్డుననో తడి యారని జానెడు నేల దొరకిన చాలు, చేమ పెరుగును. ఆ జానెడు నేలను ప్రకృతి యీయలేదు. చెఱువుకట్ట పోసిన చేతులు, బావి త్రవ్విన చేతులు ఇచ్చినవి. కావున మెట్టసీమలో చేమాకు కనబడిన చోట మనుష్యుని కృషి కనబడినట్లే.

దుంపలసాగు మోటుపని యని తలచువారు కలరు. పాపువా న్యూగినీ దేశమున కుక్ అను బురదనేలను జనులు కనీసము 7,000 సంవత్సరములుగా సాగుచేసిరి. చేమను వాడిన జాడ లచ్చట బయల్పడినవి. 2008లో ఆ నేలకు ప్రపంచ వారసత్వ స్థానము లభించినది. చేమను, కందను పచ్చిగా కొఱికిన గొంతు గీరుటకు వానిలోని సూదులవంటి సూక్ష్మస్ఫటికములు కారణమని శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఆ మాట వినకమునుపే మన యవ్వలు చింతపండు పులుసున నుడికించి ఆ దురదను అణచిరి. ఇది శాస్త్రము కాక మఱేమి?

మఱియొక విశేషము. చేమకు పిల్లదుంపయే విత్తనము. ధాన్యమువలె అది గాదెలో ఏండ్లతరబడి నిలువదు. ఒక్క కఱవున నాటు తప్పెనా, ఆ రకము పొరుగువాని పెరటిలో మిగిలియున్ననే తిరిగి దొరకును. ఇరుగుపొరుగుల యిచ్చిపుచ్చుకోలే దాని ప్రాణము.

హవాయి దీవుల ఆదిమవాసులు చేమను తమ జాతికి అగ్రజునిగా తలంతురు. చెఱకుతోటల యజమానులు వారి చేమమళ్ల నీటిని మళ్లించుకొనిరి. పిమ్మట అచ్చటి విశ్వవిద్యాలయము మూడు చేమరకములపై పేటెంటు హక్కులు పొందగా, పూర్వుల సొత్తు నొరులకు పోనీయమని ఆ జనులు నిలిచి పోరాడిరి. 2006లో విశ్వవిద్యాలయము ఆ హక్కులను వదలుకొనెను.

ఇచ్చట మన నీటిని మళ్లించుకొన్న పరాయి యజమాని లేడు. చెఱువులను పూడనిచ్చినది మనమే. బావు లెండగా వందలాది అడుగుల లోతున గొట్టము దింపితిమి. గొట్టపు నీటికి కాలువయొడ్డు లేదు, ఒడ్డు లేనిచోట చేమ లేదు. దక్షిణ అమెరికానుండి వచ్చిన వేరుసెనగను మేము నిందింపము. అది యెందఱికో అన్నము పెట్టినది. కాని యొక్క పైరునే నమ్మి తక్కినవానిని మఱచుట వివేకము కాదు.

చేమను చేలనిండ నాటుడని మే మనము. అది నీటిని గోరు పైరు. అది యొక గుఱుతు మాత్రమే. ఊరి చెఱువు క్రింద చేమ బ్రతికియున్నచో ఆ యూరి నీరు బ్రతికియున్నది. గోదావరితీరపు కొవ్వూరు పరిశోధనాస్థానము గజేంద్ర యను కందరకమును వెలువరించినది. మెట్టసీమ రకములను వెదకి కాపాడువా రెవరు? 2001 నాటి సస్యరకముల చట్టము, కర్షకుడు తాను కాపాడిన రకమును తన పేర నమోదు చేయించుకొను హక్కు నిచ్చినది. పఠనమందిరములకు వచ్చు విద్యావంతు లీ సంగతి పల్లెలకు చేర్పవలెను. వానలకు ముందే చెఱువుల పూడిక తీయింపవలెను. ప్రతి పాఠశాల దొడ్డిలోను, కైకడుగు నీరు పాఱుచోట, నాలుగు పిల్లదుంపలు నాటింపవలెను.

విత్తనమును పోగొట్టుకొన్న జాతి, రేపు దానినే వెలపెట్టి కొనవలసివచ్చును. ఆనాడు కత్తిపీట యుండును, కంద యుండదు.