రక్తం తీసే ఉద్యోగం: జీతం కాదు, బేసిక్ ఎంతో అడగండి

దుబాయ్‌లోనో షార్జాలోనో ల్యాబ్‌లో ఫ్లెబాటమిస్ట్‌గా, అంటే పరీక్షలకి రక్తం తీసే ఉద్యోగం వచ్చిందని ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, మనం ముందు అడిగేది జీతం ఎంత అనే. 3,200 దిర్హామ్‌లు అంటారనుకుందాం. దిర్హామ్‌కి 23 రూపాయలు వేసుకుంటే 73,600. అటు పక్క ఇల్లంతా సంతోషం. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ అంత డబ్బు ఎవరూ ఇంటికి పంపలేరు, ఎందుకంటే ఆ మనిషి తినాలి, పడుకోవాలి, డ్యూటీకి వెళ్ళి రావాలి. అవన్నీ దిర్హామ్‌లలోనే.

లెక్క ఇలా వేసి చూడండి. షార్జాలో బెడ్‌స్పేస్‌కి 700, తిండికి 600, బస్సుకీ మెట్రోకీ కలిపి 350, ఫోన్‌కి 100, సబ్బులూ మందులూ చెప్పులూ ఇంకా అనుకోని ఖర్చులకి 250. మొత్తం 2,000. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలు, మీవి వేరుగా ఉంటాయి. మిగిలేది 1,200. అంటే 27,600 రూపాయలు. ఇప్పుడు విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఇంట్లో ఉండి అదే పని చేస్తూ నెలాఖరుకి మీకు ఎంత మిగులుతోందో దాని పక్కన రాయండి. పోల్చాల్సింది ఆ రెండు అంకెల్ని. 73,600ని అక్కడి జీతంతో పోల్చడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

కంపెనీ బస ఇస్తే ఈ లెక్క బాగా మారుతుంది. చట్టం ప్రకారం యజమాని బసైనా ఇవ్వాలి, దానికి బదులు డబ్బైనా ఇవ్వాలి, లేదా అది జీతంలో కలిసి ఉందనైనా చెప్పాలి. ఆ మూడో దారి దగ్గరే మనవాళ్ళు పొరపడతారు. "అకామిడేషన్ ఇంక్లూడెడ్" అన్న మాట చూసి గది ఇస్తారనుకుంటారు. గది ఇస్తారా, గది డబ్బు ఆ 3,200 లోపలే ఉందా అని సూటిగా అడగండి. ఖర్చు తగ్గుతుందని పార్టిషన్ గదుల్లో చేరేవాళ్ళకి ఇంకో మాట: దుబాయ్‌లో అనుమతి లేని పార్టిషన్లు చట్టవిరుద్ధం. తనిఖీ వచ్చిందంటే రాత్రికి రాత్రి కొత్త మంచం వెతుక్కోవాలి, అదీ ఎక్కువ అద్దెకి.

యూఏఈలో ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీయులకి కనీస వేతనం అంటూ నిర్ణయించలేదు. కాబట్టి ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని చూపించడానికి మన చేతిలో అంకె లేదు. కానీ ఒక కొలత ఉంది. భార్యాపిల్లల్ని వీసా మీద తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హామ్‌లైనా ఉండాలి, లేదా 3,000తో పాటు బస ఉండాలి. కుటుంబంతో బతకడానికి కనీసం ఇంత కావాలని ప్రభుత్వమే గీసిన గీత అని నేను దాన్ని అర్థం చేసుకుంటాను. పరీక్ష పాసై, హెల్త్ అథారిటీ లైసెన్సు తెచ్చుకుని, పసిపిల్లల దగ్గరా కీమో చేయించుకుంటున్నవాళ్ళ దగ్గరా నరం దొరకబుచ్చుకునే మనిషిని ఆ గీత కింద ఉంచడం న్యాయం కాదు. రక్తం తీయడమేగా అని తేలిగ్గా అనేవాళ్ళు తప్పుగా తీసిన శాంపిల్‌తో వచ్చే రిపోర్టు ఎలా ఉంటుందో ఒకసారి ఆలోచించాలి.

ఇక అసలు విషయం. నేను బీకాం చదివినవాణ్ణి, జీతం కాగితం చేతికిస్తే మొత్తం కంటే ముందు ముక్కల మీదకే కళ్ళు పోతాయి. 3,200 అని రాసిన రెండు ఆఫర్లు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో బేసిక్ 1,200, అలవెన్సులు 2,000. రెండోదాంట్లో బేసిక్ 2,400, అలవెన్సులు 800. నెలనెలా బ్యాంకులో పడేది ఒకటే. కానీ ఇవి రెండూ ఒకటి కావు.

2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టంలో గ్రాట్యుటీని బేసిక్ మీదే కడతారు. ఏడాది సర్వీసు నిండాక, మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తరవాత ఏడాదికి 30 రోజులు. మొదటి ఆఫర్‌లో రోజు బేసిక్ 40, ఏడాదికి 840, అయిదేళ్ళకి 4,200. రెండోదాంట్లో 8,400. ఓవర్‌టైమ్ కూడా అంతే. గంట బేసిక్‌కి కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. మొదటిదాంట్లో గంటకి 6.25 దిర్హామ్‌లు, రెండోదాంట్లో 12.50. నెలకి 40 గంటలు ఎక్కువ చేస్తే 250కి బదులు 500. ఉద్యోగం పోతే వచ్చే బీమా డబ్బూ బేసిక్‌లో 60 శాతమే, అదీ మూడు నెలలకి మించి రాదు, వరసగా 12 నెలలు ప్రీమియం కట్టి ఉండాలి. 1,200 బేసిక్ ఉన్నవాడికి నెలకి 720 వస్తుంది. పైన వేసిన బెడ్‌స్పేస్ అద్దె కట్టేస్తే చేతిలో 20 దిర్హామ్‌లు. బేసిక్ తగ్గించి రాయడం కంపెనీకి ఎందుకు లాభమో ఇంకా వివరించక్కర్లేదనుకుంటాను.

ఓవర్‌టైమ్ అన్నాను కదా, ఇళ్ళకి వెళ్ళి శాంపిళ్ళు తెచ్చేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. పరగడుపు పరీక్షలకి తెల్లారగట్లే బయలుదేరతారు, మధ్యాహ్నం ఖాళీ అంటారు, సాయంత్రం మళ్ళీ పిలుస్తారు. రోజుకి 8 గంటలు, వారానికి 48 అని చట్టం. మీ గది నుంచి ల్యాబ్‌కి వెళ్ళే సమయం మామూలుగా పని గంటల్లోకి రాదు. కానీ ఒక పేషెంట్ ఇంటి నుంచి ఇంకో పేషెంట్ ఇంటికి వెళ్ళేది డ్యూటీ కాక ఇంకేమిటి? రోజూ మొదటి శాంపిల్ ఎన్నింటికి తీశారో, చివరిది ఎన్నింటికి అప్పగించారో సొంత నోటుబుక్కులో రాసుకోండి. ట్యూబుల లేబుళ్ళు మాత్రం ఫోటో తీయొద్దు. రుజువుగా పనికొస్తాయనిపిస్తుంది గానీ పేషెంట్ వివరాలు అలా దాచుకుంటే కేసు మీ మీదకే తిరుగుతుంది. శాంపిల్ తీసిన టైము ఎలాగూ ల్యాబ్ సిస్టమ్‌లో ఉంటుంది. మీ నోటుబుక్కు దానితో సరిపోలితే చాలు.

ఏజెంటు సంగతి చెప్పకపోతే లెక్క పూర్తికాదు. నియామకం ఖర్చు కార్మికుడి దగ్గర, నేరుగా గానీ చుట్టు తిప్పి గానీ, వసూలు చేయకూడదని ఆ చట్టంలోనే ఉంది. అయినా "వీసా ఖర్చులు" అంటూ లక్షన్నర అడిగేవాళ్ళు ఉంటారు. నెలకి 27,600 మిగిలేవాడికి అది అయిదున్నర నెలల చాకిరీ, వడ్డీ కాకుండా. లైసెన్సు కోసం సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కీ పరీక్షకీ అయ్యే ఫీజులు ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద రాయించుకోండి.

రూపాయి పడినప్పుడల్లా ఇంటి దగ్గర మన జీతం పెరిగిందనుకుంటారు. దిర్హామ్ 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంది. అందుకే రూపాయి తగ్గితే పంపిన డబ్బు అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది, ఇక్కడ మాత్రం అద్దె పెరిగితే అదే 3,200లోంచి కట్టాలి. రేటు బాగుంది కదా అని ఇంక్రిమెంటు అడగడం మానేయకండి.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్ళకి దారి మూసుకుపోలేదు. కాంట్రాక్టు రెన్యువల్ ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, నోటిమాట వద్దు. మొత్తం పెంచడం కుదరదంటే, అలవెన్సుల్లోంచి ఓ 600 బేసిక్‌లోకి మార్చమని అడగండి. ఈ నెల జీతాల ఖర్చు ఒక్క దిర్హామ్ కూడా పెరగదు కాబట్టి వెంటనే కాదనడం వాళ్ళకి కష్టం. కాదంటే కారణం రాతలో ఇవ్వమనండి. జీతం ఆగినా, ఓవర్‌టైమ్ ఎగ్గొట్టినా కార్మిక శాఖ నంబరు 600590000. మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు 80046342, ఈ కాల్‌కి డబ్బులు పడవు. ఫోన్ చేసేముందు కాంట్రాక్టు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకుని కూర్చోండి.