గిలాబులో మైనం: పగటి వేడిని మింగినా రాత్రి కక్కితేనే ఫలితం

గోపాల్‌పేట: ఇందిరమ్మ పథకం కింద ఊరూరా కొత్త ఇండ్లు లేస్తున్నవి. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ పథకంలో ఇంటికి 5 లక్షల రూపాయల సాయం లభిస్తుంది. 400 చదరపు అడుగులకు తగ్గకుండా ఇల్లు, పైన స్లాబు ఉండాలి. గూడు లేని వారికి గూడు దొరకడం సంతోషించదగిన విషయమే. అయితే ఎండాకాలంలో స్లాబు ఇంట్లో మధ్యాహ్నం మొదలైన ఉక్క అర్ధరాత్రి దాటినా తగ్గదన్నది అందరికీ అనుభవమే. ముసలివారు, పసిబిడ్డలు ఎక్కువగా బాధపడుతున్నారు.

వేడిని దాచుకునే పదార్థాలను గిలాబు మాలులో కలిపి గోడకు పూస్తే ఇల్లు చల్లబడుతుందని పరిశోధకులు చెబుతున్నారు. ఈ పద్ధతి పాలమూరు పల్లెలకు ఎంతవరకు ఉపకరిస్తుందో పరిశీలించవలసి ఉన్నది.

మైనం చేసే పని

ఐసు వేసిన గ్లాసులో నీళ్లు ఆ గడ్డ పూర్తిగా కరిగేదాకా చల్లగానే ఉంటాయి. బయటినుంచి వచ్చిన వేడి ముందు గడ్డను కరిగించడానికే ఖర్చవుతుంది. బడి పుస్తకాల్లో దీన్నే గుప్తోష్ణం అంటారు. చలికాలంలో గడ్డకట్టే కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల వద్ద కరుగుతుంది. మైనంలో అంతకన్నా తక్కువ వేడికి కరిగేవి, ఎక్కువ వేడికి కరిగేవి పలు రకాలున్నవి.

కిలో మైనం కరగడానికి తీసుకునే వేడితో 40 కిలోలకు పైగా సిమెంటు మాలును 5 డిగ్రీలు వేడెక్కించవచ్చు. అందువల్లనే మందపు గోడ చేసే పనిలో కొంత భాగాన్ని పలుచని గిలాబు చేయగలుగుతుంది.

మైనాన్ని నేరుగా మాలులో పోస్తే అది కారిపోతుంది, గిలాబు పట్టు తప్పుతుంది. కనుక దాన్ని కంటికి ఆనని గోళీలలో బంధించి గాని, గుల్లగా ఉండే ఖనిజపు పొడిలో ఇంకించి గాని కలుపుతారు. సిమెంటుకు బదులు సున్నం, మట్టి వాడే ప్రయత్నాలు కూడా ఉన్నవి. సిమెంటు బట్టీకి సుమారు 1450 డిగ్రీల వేడి కావాలి. సున్నం కాల్చడానికి 900 డిగ్రీలు చాలు.

పాత మిద్దెల పాఠం

నిజాం కాలంలో గోపాల్‌పేట కూడా వనపర్తి, గద్వాలల వలె ఒక సంస్థానం. ఆ కాలపు రాతిగోడలు, డంగు సున్నం, మట్టి మిద్దెలు ఈ ప్రాంతం వారికి కొత్తవి కావు. మందపు గోడలోనుంచి ఎండ వేడి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. అందుకే పగలు ఇల్లు చల్లగా ఉండేది. పొద్దుగూకిన తర్వాత ఆ గోడ తాను దాచుకున్న వేడిని వదిలేది. అప్పటికి జనం వాకిట్లోనో మిద్దెమీదనో మంచాలు వేసుకునేవారు. పగలు లోపల, రాత్రి బయట అన్న అలవాటుతోనే ఆ ఇల్లు సుఖమిచ్చింది. నేడు దొంగల భయంతో, దోమల బాధతో తలుపులు, కిటికీలు బిగించి ఫ్యాను కింద పడుకుంటున్నారు. గోడ వదిలిన వేడి ఇంట్లోనే తిరుగుతున్నది.

అసలు చిక్కు రాత్రితోనే

మైనం గిలాబుకు కూడా ఇదే చిక్కు. పగలు కరిగిన మైనం రాత్రి తిరిగి గడ్డకడితేనే మర్నాడు మళ్లీ వేడిని మింగగలదు. చలిదేశాల ఇండ్లకోసం ఎంచుకున్న రకాలు చాలావరకు 23 నుంచి 26 డిగ్రీల మధ్య కరుగుతాయి. మన వద్ద మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటడం, రాత్రి 27, 28 వద్దనే నిలవడం మామూలు. అటువంటి రకం ఇక్కడ పగలూ రాత్రీ కరిగే ఉంటుంది. సరిగ్గా అవసరమైన నెలలోనే అది పనిచేయదు. మనకు 30 డిగ్రీలు దాటిన తర్వాత కరిగే రకం కావాలి. దానితోపాటు రాత్రి గాలి ఆడేందుకు ఎదురెదురు కిటికీలు, వాటికి దోమల జాలీ కావాలి.

అమెరికాలోని డోవర్‌లో 1948లో శాస్త్రవేత్త మరియా టెల్కిస్ ఒక ఇంటిని ఎండ వేడితో వెచ్చగా ఉంచడానికి 32 డిగ్రీల వద్ద కరిగే ఉప్పును వాడారు. మొదట బాగానే పనిచేసినా, కొన్ని చలికాలాలకే ఉప్పు వేరుపడి అడుగున పేరుకుపోయింది, డబ్బాలు తుప్పుపట్టాయి. కొత్త వస్తువు మొదటి ఏడు చేసిన మేలు పదో ఏడు కూడా చేస్తుందా అని అడగడం అందుకే అవసరం.

ముందు స్లాబు సంగతి

ఒంటి అంతస్తు ఇంటికి ఎండ దెబ్బ ఎక్కువగా పైకప్పు మీదనే పడుతుంది. దాన్ని వదిలి గోడలకు ఖరీదైన గిలాబు పూయడం వల్ల ప్రయోజనం తక్కువ. స్లాబుకు తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్ల రంగో వేయడం తేలిక, చౌక. రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. 600 గజాల లోపు స్థలంలోని నివాసగృహాలకు మాత్రం యజమాని ఇష్టానికి వదిలారు. పల్లెలో మామూలు కుటుంబం ఇల్లు ఈ కోవలోకే వస్తుంది.

వడదెబ్బతో మరణించిన వారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2025 ఏప్రిల్‌లో 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచారు. ఇది న్యాయమే. అయితే ప్రాణం పోయిన తర్వాత ఇచ్చే 4 లక్షలకన్నా, ప్రాణం ఉండగా స్లాబుకు వేయించే తెల్ల పూత ఎంతో చౌక.

గృహనిర్మాణ అధికారులు ఇందిరమ్మ ఇంటి చివరి పనులలో ఈ పూతను, ఎదురు కిటికీలను చేర్చడం మంచిది. మైనం గిలాబును మండలానికి ఒక ఇంట్లో ఒక గదికి పూయించి, పక్క గదిని మామూలుగా ఉంచి, మే నెలంతా రెంటిలోనూ థర్మామీటరు పెట్టి చూడాలి. లెక్క ఊరందరి ఎదుట తేలుతుంది. అంతవరకు ఎవరైనా ఇటువంటి సరుకు అమ్మవస్తే, అది ఎన్ని డిగ్రీలకు కరుగుతుంది, మన మే రాత్రికి గడ్డకడుతుందా, నిప్పు తగిలితే ఏమవుతుంది, ఎన్నేళ్లు పనిచేస్తుంది అని అడిగి, కాగితంమీద రాయించుకున్న తర్వాతనే డబ్బు చెల్లించడం క్షేమం.