మూలనున్న రెండక్షరాలు

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లినప్పుడు మా ఇంటి అటక మీద ఒక బైండు పుస్తకం దొరికింది. డెబ్బైల్లో ఒక ఏడాది చందమామలు, జనవరి నుంచి డిసెంబర్ దాకా పన్నెండూ ఉన్నాయి. మా తాతయ్య కుట్టించారట. అప్పట్లో చాలామంది బైండు చేయించేటప్పుడు అట్టలు చింపేసి, లోపలి కథలు మాత్రమే కుట్టించుకునేవారు. తాతయ్య అట్టలు కూడా ఉంచమన్నారట. అలా ఒక ఏడాది ముఖచిత్రాలు వరసగా నా ఒళ్లోకి వచ్చిపడ్డాయి.

నిజం చెప్పాలంటే, నా చిన్నతనం చందమామది కాదు, అవెంజర్స్‌ది. ఇంజనీరింగ్ హాస్టల్లో పాత కామిక్స్ అట్టలు ఏడాదికేడాది దించుకుని, పక్కపక్కన పెట్టి చూడటం నాకో పిచ్చి. 1963 సెప్టెంబర్ నాటి మొదటి అవెంజర్స్ అట్ట గీసింది జాక్ కిర్బీ. ముందు లోకీ, అతనికెదురుగా థోర్, హల్క్, ఐరన్ మ్యాన్, యాంట్ మ్యాన్, వాస్ప్. ఆ అట్టలన్నీ కేకలేస్తాయి. ఈ నెల టీమ్‌లో ఎవరు చిక్కుల్లో పడ్డారో ఆ అట్టే అరిచి చెబుతుంది. కొట్టు ముందు నిలబడ్డ పిల్లాడు జేబులోంచి డబ్బులు తీసేదాకా వదలదు.

చందమామ అట్టలు అలా కాదు. పైన పత్రిక పేరు, నెల, ధర. అంతే, మిగతాదంతా బొమ్మకే వదిలేశారు. బొమ్మలో రాజు ఉంటాడు, రాక్షసుడు ఉంటాడు, యుద్ధం కూడా ఉంటుంది. కానీ ఎవరూ తొందరపడరు. వెనక కొండలు మంచులో కరిగిపోతున్నట్టు ఉంటాయి. పసుపు పక్కన నీలం, దాని పక్కన ఆకుపచ్చ ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలీదు. ఆడవాళ్ల పొడుగాటి కళ్లు, సన్నటి వేళ్లు, ఒంటి మీది నగలో ఒక్కో పూస. పన్నెండు అట్టలు తిప్పేసరికి గంట గడిచిపోయింది. రీల్స్ చూస్తే కూడా గంట పోతుంది. కానీ ఏం చూశానో గుర్తుండదు. ఇవి గుర్తుండిపోయాయి.

సాఫ్ట్‌వేర్ వాడి చేతికి ఇలాంటిది దొరికితే ఏం చేస్తాడు? నేనూ అదే చేశాను. ఫోన్‌తో స్కాన్ చేసి, నెలకొకటి చొప్పున వాల్‌పేపర్లు చేద్దామనుకున్నాను. బొమ్మ వెడల్పు, ఫోన్ స్క్రీన్ పొడుగు. అందుకని రెండు పక్కలా కత్తిరించాను. బొమ్మ మీద అక్షరాలు అడ్డంగా ఉన్నాయని, వాటిని గుర్తుపట్టి చెరిపేసి ఆ చోట రంగు నింపే చిన్న స్క్రిప్ట్ రాశాను. పావుగంటలో పన్నెండూ శుభ్రం. ఆఫీసు గ్రూపులో పెట్టాను. లైకులే లైకులు. అరగంటలో చాలామంది స్క్రీన్ల మీదికి ఎక్కేశాయి.

అప్పుడొక కొలీగ్ అడిగాడు: "సూపర్ బ్రో! ఏ ప్రాంప్ట్ ఇచ్చావ్?"

ముందు నవ్వొచ్చింది. "ఏఐ కాదు, మనిషి గీసినవే" అని టైప్ చేయడం మొదలుపెట్టాను. ఏ మనిషి అని అడిగితే? నాకూ తెలీదు. ఫోన్ పట్టుకుని పక్కనున్న నానమ్మనే అడిగాను.

"ఏట్రా, అదీ తెల్దా? వపా! మనూరోడే. ఆ మూల సూడు, రాసుంటాది."

నా ఫోన్‌లో చూశాను. మూల లేదు. పుస్తకం తెరిచి చూస్తే తొమ్మిది బొమ్మల మీద చిన్నగా, ఓ పక్కగా "వపా" అని ఉంది. రెండింటిలో "వ" ఒక్కటే మిగిలింది, "పా"ని బైండింగ్ కత్తెర తినేసింది. మిగతా సంతకాలను తినేసింది నా స్క్రిప్టే. ధర, నెల, సంతకం అన్నీ దానికి ఒకటే, అక్షరాలు. బొమ్మకు అడ్డం.

వపా అంటే వడ్డాది పాపయ్య. 1921 సెప్టెంబర్ 10న మా శ్రీకాకుళంలోనే పుట్టారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు, తొలి గురువూ ఆయనే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన చందమామకి ఏళ్ల తరబడి బొమ్మలు వేశారు. యువ, స్వాతి ముఖచిత్రాలతో పెద్దవాళ్ల ఇళ్లలోకీ వెళ్లారు. రాగాలకు, రుతువులకు, పండగలకు, కావ్యాల్లోని నాయికలకు రూపాలిచ్చారు. 1992 డిసెంబర్ 30న కన్నుమూశారు.

చందమామలో ఆయన ఒక్కరే కాదు. చిత్ర, ఎం.టి.వి. ఆచార్య, విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి కూర్చోబెట్టిన శంకర్, కథలు చక్కదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు. టీమ్ అంటే ఇదీ! చందమామ చాలా భాషల్లో వచ్చేది, అన్నిటికీ అవే బొమ్మలు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో పిల్లలు దాన్ని జన్హమామూ అని పిలిచేవారు, తమిళ పిల్లలు అంబులిమామా అనేవారు. మా ఊళ్లో పుట్టినాయన వేసిన బొమ్మని అంతమంది పిల్లలు చూశారు. నేను ఆ ఊళ్లోనే ఇరవై ఏళ్లు పెరిగాను. కిర్బీ పేరు తెలుసు, వపా పేరు తెలీదు.

కిర్బీ కథ కూడా తక్కువేం కాదు. తను గీసిన అసలు కాగితాలు వెనక్కిమ్మని కంపెనీతో ఏళ్ల పాటు పోరాడాడు. 1987లో గానీ వాటిలో కొంత భాగం చేతికి రాలేదు. ఆ గొడవ చదివి హాస్టల్లో నేనెంత ఆవేశపడ్డానో నా రూమ్మేట్‌కి తెలుసు. "ఆర్టిస్ట్‌కి క్రెడిట్ ఇవ్వరా?" అని పెద్ద లెక్చరిచ్చాను. అదే నేను, అటక మీది పుస్తకంలో పేరు కనిపిస్తున్నా పావుగంటలో తుడిచేశాను. దురుద్దేశం లేదు, నిజమే. స్క్రీన్ సైజుకి సరిపోలేదు, అంతే. పేర్లు పోయేది చాలాసార్లు ఇంత చిన్న కారణానికేనేమో.

ఆ రాత్రి కూర్చుని పన్నెండూ మళ్లీ చేశాను. ఈసారి కత్తిరించలేదు. బొమ్మ మొత్తం ఉంచి, పైనా కిందా ఖాళీ వదిలేశాను. సంతకం తెగిపోయిన రెండింటి కింద పూర్తి పేరు టైప్ చేశాను. ఏ సంతకమూ కనబడని ఒకదాన్ని అలాగే వదిలేశాను. అది ఎవరిదో ఊహించి రాయడం ఇంకో తప్పవుతుంది. గ్రూపులో పెట్టి, "పాతవి తీసేసి ఇవి పెట్టుకోండి ప్లీజ్, ఈయన మా ఊరాయన" అని రాశాను.

ముగ్గురు మార్చారు. మిగతావాళ్లకి నల్లటి ఖాళీ నచ్చలేదట. ప్రాంప్ట్ అడిగిన కొలీగ్ మాత్రం సాయంత్రం ఫోన్ చేశాడు. "మా అమ్మకి చూపించాను బ్రో. చూడగానే పేరు చెప్పేసింది" అన్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఉంటే ఫోటో తీసేటప్పుడు మూలలు కూడా ఫ్రేమ్‌లోకి వచ్చాయో లేదో చూసుకోండి. పేరు కనిపించకపోతే, సెర్చ్ చేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి. మా నానమ్మకి పట్టింది రెండు సెకన్లు.