బతుకుతెరువు మాట కూడా అమ్మనుడిలోనే

సెలవు దినాలలో ప్రభుత్వ బడులకు వెళ్ళి పిల్లలకు కంప్యూటరు నేర్పడం, పదో తరగతి తరువాత ఏయే చదువులున్నాయో, ఏ చదువు ఏ కొలువుకు దారితీస్తుందో విడమరచి చెప్పడం ఇవాళ ఎందరో యువతీయువకులు స్వచ్ఛందంగా తలకెత్తుకుంటున్న సేవ. ఇది మెచ్చదగిన పని. అయితే తిరుత్తణి, తిరువళ్ళూరు, పళ్ళిపట్టు ప్రాంతాలలో ఈ పని జరిగేటప్పుడు ఒక ప్రశ్న తప్పదు. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు ఈ సంగతులను ఏ భాషలో చెప్పాలి? ఈ ప్రశ్నకు భాషోద్యమం బదులు చెప్పాలి. బదులు చెప్పి ఊరుకోక, ఆ పనిలో తానూ చేయి కలపాలి.

తిరుత్తణి తెలుగువారు ఎక్కడినుండో వలస వచ్చిన వారు కారు. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో భాగం. పటాస్కర్ తీర్పును అనుసరించి 1959లో చేసిన సరిహద్దు మార్పుల చట్టం ఆ తేదీన అమలులోకి వచ్చింది. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. గీత మారింది గాని మనుషులు మారలేదు. గీతకు ఆ వైపున తెలుగు ఇళ్ళు, ఈ వైపున తమిళ ఇళ్ళు ఉండిపోయాయి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నవారు దాదాపు 42 లక్షలు. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని రాష్ట్రాలకు నిర్దేశించింది. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తెలుగు ఐచ్ఛిక భాష స్థానానికి చేరింది. కోర్టుల ద్వారా కొన్నేళ్ళు మినహాయింపులు దొరికినా, తెలుగు బడుల మీద తల్లిదండ్రులకున్న నమ్మకం సడలిపోతూనే వచ్చింది.

ఆ నమ్మకం ఎందుకు సడలింది? చట్టం ఒక్కటే కారణం కాదు. మగ్గం మీద బతికే ఇంటివారైనా, మామిడితోటలో కూలికి వెళ్ళే ఇంటివారైనా బిడ్డను బడిలో వేసేటప్పుడు ఆలోచించేది ఒక్కటే: ఈ చదువు కూడు పెడుతుందా, పెట్టదా? తెలుగు చదివితే ఏ దారీ తెరుచుకోదని వారికి ఎవరో చెప్పారు. కాదని చెప్పడానికి ఎవరూ వెళ్ళలేదు. తెలుగు కమ్మదనం గురించి, ప్రాచీనత గురించి సభలలో ఎంత చెప్పినా ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు అది సమాధానం కాదు. పండుగ మాటలు తెలుగులో, బతుకుతెరువు మాటలు పరభాషలో సాగే ఇంట్లో రెండు తరాలకు మించి ఏ భాషా నిలవదు.

దారి చూపేవారు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి తిరుత్తణిలోనే ఒక చరిత్ర ఉంది. 1888 సెప్టెంబరు 5న ఆ ఊళ్ళో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకార వేతనాల ఆసరాతో చదువుకున్నారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రం తీసుకోవడానికి కారణం దాని మీద మక్కువ కాదు. అదే కళాశాలలో చదువు ముగించిన దాయాది ఒకరు తన పాత పుస్తకాలను ఇచ్చారు. కొత్తవి కొనే స్తోమత లేని కుర్రవాడికి వాటితోనే చదువు ఖాయమైంది. మహామేధావి కనుక చేతికందిన దారినే రాజమార్గం చేసుకున్నారు. కాని చేతికందిన పుస్తకమే చదువును నిర్ణయించే స్థితి ఇన్నేళ్ళ తరువాతా పల్లె బిడ్డలకు ఉండకూడదు. ఎదుట ఎన్ని దారులున్నాయో తెలిసిన తరువాత ఒకదాన్ని ఎంచుకోవడం వేరు, ఒక్క దారే ఉందనుకొని అందులో నడవడం వేరు.

ఇవాళ దారులు లేవా? ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్షలో ఎంపికైన పేద విద్యార్థికి తొమ్మిది నుండి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆరు నుండి పన్నెండో తరగతి వరకు ప్రభుత్వ బడిలో చదివిన వారికి వైద్యవిద్యలో 7.5 శాతం సీట్లను తమిళనాడు 2020లో ప్రత్యేకించింది. 2021లో ఇంజినీరింగు వంటి వృత్తి విద్యలకూ దాన్ని విస్తరించింది. ప్రభుత్వ బడిలో చదివి పై చదువుకు వెళ్ళే అమ్మాయిలకు నెలకు వెయ్యి రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం 2022 సెప్టెంబరు 5న, అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ పథకం 2024 ఆగస్టులో మొదలయ్యాయి. నైపుణ్యాలు నేర్పి ఉద్యోగాలకు సిద్ధం చేసే నాన్ ముదల్వన్ 2022 మార్చి 1న ఆరంభమైంది. వీటిలో దేనికీ తెలుగు ఇంటి బిడ్డ అని అడ్డు లేదు. అడ్డల్లా సమాచారం ఇల్లు చేరకపోవడమే. బిడ్డ తమిళంలో చదివి అర్థం చేసుకోగలదు. కాని దరఖాస్తు మీద సంతకం చేయవలసిన తల్లికి, ఆదాయ ధ్రువపత్రం కోసం తాలూకా ఆఫీసుకు తిరగవలసిన తండ్రికి అది వారి నుడిలో తెలియాలి. నిర్ణయాలు జరిగేది బడిలో కాదు, ఇంట్లో. ఇంటి భాషలో చెప్పని సమాచారం సగం దారిలోనే ఆగిపోతుంది.

సరిహద్దు బిడ్డల అవసరాలు వేరుగా ఉంటాయనడానికి ఒక్క ఉదాహరణ చాలు. వైద్యవిద్య ప్రవేశానికి రాసే నీట్ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. కాని జాతీయ పరీక్షల సంస్థ నిబంధనల ప్రకారం తెలుగు ప్రశ్నపత్రం దొరికేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పరీక్షా కేంద్రాలలోనే. జేఈఈ మెయిన్‌కూ ఇదే పద్ధతి. తిరుత్తణి విద్యార్థి తెలుగులో రాయదలిస్తే చెన్నైని కాక తిరుపతిని కేంద్రంగా కోరుకోవాలి. దరఖాస్తు నింపే నాడే ఈ సంగతి తెలియాలి. తరువాత తెలిసి లాభం లేదు. నగరిలో, సత్యవేడులో తమిళంలో చదువుకునే పిల్లల కష్టమూ అచ్చంగా ఇదే. తమిళ ప్రశ్నపత్రం కోసం వారు ఆంధ్రప్రదేశ్ ఎల్ల దాటి తమిళనాడు కేంద్రానికి పోవాలి. రాష్ట్ర రాజధానులలో తయారయ్యే మార్గదర్శక పుస్తకాలు ఇటువంటి చిక్కులను పట్టించుకోవు. ఆ ఊరి సంగతి తెలిసినవారే వీటిని చెప్పగలరు.

ఇక్కడ ఒక నిజాన్ని కూడా దాచకుండా చెప్పాలి. తమిళనాడులో ప్రభుత్వ కొలువు కావాలంటే తమిళం బాగా రావాలి. 2021 డిసెంబరులో ఆ రాష్ట్రం నియామక పరీక్షలలో తమిళ పత్రంలో ఉత్తీర్ణతను తప్పనిసరి చేసింది. తమిళ మాధ్యమంలో చదివిన వారికి 20 శాతం ప్రాధాన్యమిచ్చే చట్టం 2010 నుండే ఉంది. తెలుగు మీది అభిమానంతో తమిళాన్ని నిర్లక్ష్యం చేయమని పిల్లలకు చెప్పేవారు వారికి మేలు చేయరు. తిరుత్తణి బిడ్డకు తమిళం ఇరుగుపొరుగు భాష, పాలనా భాష; దాన్ని గౌరవంగా, గట్టిగా నేర్చుకోవాలి. ఇంగ్లీషూ నేర్చుకోవాలి. మనం అడిగేది ఒక్కటే: ఈ రెండూ నేర్వడానికి వెలగా తెలుగును వదులుకొమ్మని ఎవరూ ఆ బిడ్డను అడగరాదు. పైగా ఆ ప్రాంతపు బిడ్డకు రెండు రాష్ట్రాల భాషలు రావడం ఒక ఆస్తి. ఒకవైపు గుమ్మిడిపూండి, ఇంకొకవైపు శ్రీసిటీ, రేణిగుంట పరిశ్రమలు ఉన్నాయి. రెండు భాషలూ చదవడం, రాయడం వచ్చిన ఉద్యోగి ఈ రెండు వైపులా పనికివస్తాడు. మాట్లాడడం మాత్రమే వచ్చి రాయడం రాకపోతే ఆ ఆస్తి సగానికి సగం తరిగిపోతుంది.

కంప్యూటరు నేర్పడంలోనూ ఇదే మెలకువ కావాలి. కంప్యూటరు అంటే ఇంగ్లీషే అన్న అపోహ పిల్లలలో మొదటి రోజే పాదుకుంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు ఉంది. అదే ఏడాది భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన ప్రమాణంలోని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. తమిళ ‘క’ ఏ మీటలో ఉందో తెలుగు ‘క’ కూడా ఆ మీటలోనే ఉంటుంది. ఒక బల్ల ముందు కూర్చున్న తమిళ బిడ్డా, తెలుగు బిడ్డా ఒకే పాఠంతో తమ తమ నుడులలో రాయడం నేర్చుకోవచ్చు. ఎవరికీ విడి తరగతి అక్కరలేదు. తన పేరును, ఊరి పేరును తన లిపిలో తెరమీద చూసుకున్న బిడ్డకు యంత్రం మీద బెరుకు పోతుంది, భాష మీద చిన్నచూపూ పోతుంది.

ఈ విషయంలో తమిళుల నుండి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. 1999 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ సమావేశం ఫలితంగా తమిళ్99 కీబోర్డును ఆ ప్రభుత్వం ప్రమాణంగా ప్రకటించింది. భాషాభిమానులు, సాంకేతిక నిపుణులు, ప్రభుత్వం ఒకచోట కూర్చుంటేనే అది సాధ్యమైంది. తెలుగులోనూ 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను ఇంతవరకు నడిపించినది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. వారి చేతిలోని విద్యను ఎల్లలకు ఆవల ఉన్న బడులకు చేర్చడమే ఇక జరగవలసిన పని.

యంత్రాలకు కొరత ఉందా అంటే, మునుపటంత లేదు. విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకాన్ని తమిళనాడు 2011 సెప్టెంబరు 15న ప్రారంభించింది తిరువళ్ళూరు జిల్లాలోనే. తరువాత కొన్నేళ్ళకు ఆ పంపిణీ ఆగింది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు ప్రయోగశాలలు వచ్చాయి. యంత్రం ఇవ్వడం ఒక రోజు పని, దానితో ఏమి చేయవచ్చో చూపడం ఏళ్ళ పని. ఆ రెండో పనికి మనుషులు కావాలి. మనుషులు దొరుకుతారని ఇల్లం తేడి కల్వి పథకం చూపించింది. కరోనా కాలంలో చదువు వెనుకబడిన పిల్లల కోసం 2021 అక్టోబరులో మొదలైన ఆ పథకంలో లక్షలాదిమంది, ముఖ్యంగా మహిళలు, సాయంత్రపు పాఠాలు చెప్పడానికి ముందుకు వచ్చారు. బెంగుళూరులో ఒక మురికివాడలోని అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ కేంద్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, విద్యార్థులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో పేదపిల్లలకు కంప్యూటరు నేర్పారు. డబ్బుకన్నా క్రమం తప్పని రాకే అటువంటి పనులను నిలబెడుతుంది.

కనుక తిరువళ్ళూరు జిల్లాలోనూ, చెన్నైలోనూ ఉన్న తెలుగు యువతకు, తెలుగు సంఘాలకు మా సూచనలు ఇవి. నెలకు రెండు సెలవు దినాలు ఒక్క బడికి కేటాయించండి. చెన్నై నుండి తిరువళ్ళూరుకు, తిరుత్తణికి లోకల్ రైలు ఉంది. దూరం ఒక సాకు కాదు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో, ఉపాధ్యాయుల ఎదుటనే పాఠం చెప్పండి. తెలుగు పిల్లలను వేరుచేసి కూర్చోబెట్టకండి. తరగతి అందరిదీ కావాలి, వివరణ రెండు నుడులలో సాగాలి. ఉపకార వేతనాలు, ప్రవేశ పరీక్షలు, కావలసిన ధ్రువపత్రాలు, గడువు తేదీలు ఒక్క కాగితం మీద తెలుగులోనూ తమిళంలోనూ అచ్చువేసి ఇంటింటికీ చేర్చండి. ఇంజినీరు, డాక్టరు అనే రెండు మాటలతో ఆగక ఐటిఐ, పాలిటెక్నిక్, నర్సింగు, రైల్వే, అనువాదం, ముద్రణ వంటి దారులను కూడా చూపండి. ఒకసారి వెళ్ళి ఫోటో దిగి మరి వెళ్ళని సేవ చేయకండి. దానివల్ల పిల్లలకు మిగిలేది మనుషుల మాట మీద అపనమ్మకం మాత్రమే.

ప్రభుత్వాలు చేయవలసినవీ ఉన్నాయి. భాషా అల్పసంఖ్యాకులున్న సరిహద్దు జిల్లాలలోని కేంద్రాలలో వారి భాషలోనూ ప్రశ్నపత్రం ఇచ్చేలా కేంద్రం నిబంధనను సడలించాలి. తమ విద్యా పథకాల సమాచారాన్ని తమిళనాడు ప్రభుత్వం తిరువళ్ళూరు జిల్లాలో తెలుగులోనూ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిత్తూరు, తిరుపతి జిల్లాలలో తమిళంలోనూ వెలువరించాలి. ఇది ఒకరి మీద ఒకరు గెలవడం కాదు. ఎల్లకు రెండు వైపులా ఉన్న పేద పిల్లలకు న్యాయం చేయడం.

భాషా హక్కు అంటే బడి గోడ మీద అక్షరాలు మిగలడం మాత్రమే కాదు. తన భవిష్యత్తును తాను ఆలోచించుకునే నుడిలో ఆ బిడ్డకు అడగడానికి, తెలుసుకోవడానికి, ఎంచుకోవడానికి వీలుండాలి. తిరుత్తణిలో ఒక తల్లి తన కూతురికి ఏ చదువు మేలో తెలుగులోనే తెలుసుకొని, తెలుగులోనే ఆలోచించి, ధైర్యంగా నిర్ణయం తీసుకున్న నాడు ఆ ఇంట్లో తెలుగును ఎవరూ కాపాడనవసరం లేదు. అక్కడ అది బతుకులో భాగమై తనంత తానే నిలుస్తుంది. రాబోయే విద్యాసంవత్సరానికి ఒక్కొక్క తెలుగు సంఘం ఒక్కొక్క బడిని ఎంచుకోవాలి. పని అక్కడినుండి మొదలు పెడదాం.