పెరటి మొక్కను చిన్నచూపు చూడొద్దు

జూన్‌లో హాస్టల్ తెరిచిన రోజు మాకు ముందుగా కనిపించేవి ఎండిపోయిన గులాబీ కొమ్మలు. ప్రతి సంవత్సరం ఇదే తంతు. వార్షికోత్సవానికి తలా కొంత వేసుకుని, కడియం మొక్కలని బండిమీద తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర గులాబీలు, క్రోటన్లు కొంటాం. చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం కొడతాం. వచ్చిన అతిథులు మెచ్చుకుంటారు. ఏప్రిల్ చివర సెలవులిస్తే అందరం ఇళ్ళకు పోతాం. తిరిగి వచ్చేసరికి ఇటుకలు ఉంటాయి, మొక్కలు ఉండవు.

పోయిన ఏడాది ఆరో తరగతి తమ్ముడొకడు తన గులాబీ కోసం రోజూ స్నానం నీళ్ళలో సగం బకెట్ మిగిల్చేవాడు. జూన్‌లో ఆ ఎండుపుల్లను పట్టుకుని, “అన్నా, నేనేం తప్పు చేశాను?” అని అడిగాడు. తప్పు వాడిది కాదు. మొక్కను ఎంచిన పెద్దపిల్లలం మాది.

కడియం మొక్క గోదావరి కాలువ నీళ్ళు తాగి, ఒండ్రుమట్టిలో పెరిగింది. మన బోగోలు అలాంటి చోటు కాదు. మా ఆవరణలోది ఇసుక కలిసిన నేల, పోసిన నీళ్ళు నిలవవు. బోరు నీళ్ళలో కాస్త ఉప్పు ఉంటుంది. జువ్వలదిన్నె వైపు నుంచి సముద్రపు గాలి కొడుతుంది. రోహిణి కార్తె ఎండ సంగతి చెప్పనక్కరలేదు. అలాగని నీళ్ళ కరువే అనుకోవద్దు. 2015 నవంబర్‌లో మన జిల్లాను వానలు ఎలా ముంచాయో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మేలో ఎండనూ నవంబర్‌లో నీటినీ ఓర్చుకునే మొక్కే మనకు కావాలి.

నాటే కాలం కూడా ఆలోచించాలి. 1950లో కేంద్రమంత్రి కె.ఎం.మున్షీ వనమహోత్సవాన్ని జూలైలో మొదలుపెట్టారు. నైరుతి రుతుపవనాలు బాగా కురిసే ప్రాంతాలకు అది సరైన నెల. నెల్లూరు జిల్లాకు వానల్లో పెద్ద వాటా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కాబట్టి దసరా సెలవుల నుంచి రాగానే నాటితే, వేసవి సెలవుల లోపు వేరు లోతుకు దిగడానికి ఆరు నెలలు దొరుకుతాయి.

మరి ఏం నాటాలి? ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండేవి నాటాలి. దేవగన్నేరు కొమ్మ నరికి, పాలు ఆరేదాకా కొన్ని రోజులు నీడన పెట్టి నాటితే చాలు. ఎండిన కాలంలో ఆకు రాల్చి తనను తాను కాపాడుకుంటుంది. ఎడారి గులాబీ అని పిలిచే అడీనియం ఉబ్బిన మొదలులో నీరు దాచుకుంటుంది. కానీ వేరు దగ్గర నీరు నిలిస్తే కుళ్ళుతుంది, దానికి ఇసుకమట్టితో ఎత్తు కట్టాలి. కంచెకు శంఖుపూల తీగ, కాగితం పూలు బాగుంటాయి. గోడవారన తంగేడు గింజలు చల్లాలి.

“తంగేడా? అది రోడ్డుపక్క పిచ్చిమొక్క కదా!” అని మాలోనే కొందరు నవ్వారు. ఆ తంగేడునే తెలంగాణ 2014లో రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. ఎవరూ నాటకుండానే మొలిచే బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చింది. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ అనే మందును పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు వాడుతున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ తప్పిందన్నమాట! అయితే ఒక హెచ్చరిక: బిళ్ళగన్నేరు, అడీనియం, గన్నేరు తింటే విషం. మూడో తరగతి పిల్లలు కూడా ఉండే హాస్టల్ మనది. వాటి ఆకు, కాయ నోట పెట్టకూడదని పెద్దవాళ్ళు తమ్ముళ్ళకు చెప్పాలి. గన్నేరును ఆటస్థలం దగ్గర అసలు నాటొద్దు.

గులాబీ మీద మాకు కోపం లేదు. రెండు కుండీల్లో పెంచుకుందాం, సెలవుల్లో ఊళ్ళో ఉండేవాళ్ళు ఇంటికి తీసుకుపోవాలి. అతిథి చూసి వెళ్ళే రెండు గంటల కోసం తోట మొత్తం వేయడం మాత్రం మానేద్దాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పూలదండలు వద్దు. మీ ఇంటి ముందు నీళ్ళు పోయకున్నా బతికిన చెట్టు ఏదైనా ఉంటే, దాని కొమ్మో గుప్పెడు గింజలో తెచ్చివ్వండి. వచ్చే జూన్‌లో గేటు తీసేసరికి మా తమ్ముడికి ఒక్క పచ్చని ఆకైనా కనపడాలి.