మాన్యువల్ మోడ్ మొదటి రోజు నుంచే కావాలా?

కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు పెట్టె విప్పకముందే ఒక సలహా అందుతుంది: ఆటో జోలికి పోవద్దు, మొదటి నుంచీ మాన్యువల్‌లోనే తీయి. పెళ్లిళ్లకు తీసే ఫొటోగ్రాఫర్లు చాలామంది ఈ మాట గట్టిగా చెబుతారు. అందులో నిజముంది. అయితే దాన్నే పట్టుకుని వేలాడి, పండక్కి తీసిన ఫొటోల్లో సగం నల్లగా, సగం తెల్లగా వచ్చేసరికి మనసు విరిగి కెమెరాను బీరువాలో పెట్టేసినవాళ్లూ ఉన్నారు.

ముందు మాన్యువల్ తరఫున చెప్పాల్సింది చెబుతాను. లెన్సు ఎంత తెరుచుకోవాలి, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలి, సెన్సర్‌కు అందిన వెలుతురును ఎంత పెంచి చూపాలి: అపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ అనే ఈ మూడింటినీ తన చేత్తో తిప్పినవాడికి, ఒకచోట పెంచింది ఇంకోచోట తగ్గించాలన్న లెక్క త్వరగా ఒంటబడుతుంది. కొన్నిచోట్ల మాన్యువలే మేలు కూడా. రవీంద్రభారతి వేదిక మీద కూచిపూడి జరుగుతోందనుకోండి. వెనక నల్ల తెర, ముందు స్పాట్‌లైటులో నర్తకి. ఫ్రేములో నలుపే ఎక్కువ కాబట్టి కెమెరా చీకటనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. ముఖం పాలిపోయి, కళ్ల కాటుక తప్ప ఏమీ మిగలదు. ముఖానికి సరిపడేలా ఒకసారి మాన్యువల్‌లో పెట్టుకుంటే, లైటు మారేదాకా ప్రతి ఫొటో ఒకే తీరుగా వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీనదయాళ్ (1844–1905) కాలంలో కెమెరాలో మీటరే లేదు. గాజు పలకల మీద తీసిన ఆ చిత్రాలకు వెలుతురు కొలిచింది అనుభవమే.

అవతలి పక్షానికీ అంత పాత చరిత్రే ఉంది. 1888లో ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరాలో 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము ఉండేది. మీట నొక్కడమే కొన్నవాళ్ల పని. ఫిల్ము కడిగి, ప్రింట్లు వేసి, కెమెరాలో మళ్లీ ఫిల్ము నింపి కంపెనీయే పంపేది. మామూలు మనుషులు తమవాళ్లను తామే తీసుకోవడం అలా మొదలైంది. ఏది తీయాలి, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి అన్నది తక్కువ విద్యేమీ కాదు. వధువు దోసిలెత్తి తలంబ్రాలు పోసే క్షణం డయల్ తిప్పుకునేవాళ్ల కోసం ఆగదు.

అయినా అసలు చిక్కు ఇక్కడ లేదు. మాన్యువల్ వచ్చేసిందనుకునే చాలామంది చేసే పని చూడండి: వ్యూఫైండర్‌లో మీటర్ గుర్తు సున్నా మీదికి వచ్చేదాకా డయల్ తిప్పి, నొక్కుతారు. ఆటోలో కెమెరా చేసేదీ దాదాపు అదే. ఎదురుగా ఉన్నదంతా సగటున నడిమి బూడిద రంగంత వెలుగుతో ఉంటుందని మీటర్ లెక్క. కొత్త కెమెరాలు ఎంత తెలివిమీరినా మూలం అదే. అందుకే ఫ్రేము నిండా గేదె ఉంటే దాన్ని వెలిసిపోయిన బూడిద రంగులో చూపిస్తుంది. విరగకాసిన పత్తిచేను తీస్తే ఆ తెలుపును మబ్బు పట్టినట్టు మసకబారుస్తుంది. సున్నా దగ్గర ఆగితే మాన్యువల్‌లోనూ అవే వస్తాయి. సున్నా నుంచి ఎటు జరగాలి, ఎంత జరగాలి అన్నదే నేర్చుకోవాల్సిన విద్య.

దానికి అపర్చర్ ప్రయారిటీ మంచి బడి. కానన్‌లో ఏవీ అని, నికాన్, సోనీల్లో ఏ అని ఉంటుంది. అపర్చర్ మీరు పెడతారు, షట్టర్ కెమెరా చూసుకుంటుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌తో పత్తిచేనుకు ప్లస్ 1, గేదెకు మైనస్ 1 అని మీరు దిద్దుతారు. మిర్రర్‌లెస్ కెమెరాలో అయితే నొక్కకముందే ఆ తేడా తెర మీద తెలుస్తుంది.

దీనికీ ఒక లోపముంది, దాచకూడదు. కొత్త కెమెరాతో వచ్చే 18–55 లెన్సు జూమ్ చివర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఆడుకునే పిల్లను తీస్తే కెమెరా మీకు చెప్పకుండా షట్టర్‌ను 1/15కు దించేస్తుంది, పిల్ల చెదిరిపోతుంది. స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుందే గాని పిల్ల పరుగును ఆపలేదు. ఆటో ఐఎస్ఓ పెట్టి, షట్టర్ 1/250కి తగ్గకుండా కట్టడి చేసుకునే వీలు చాలా కెమెరాల్లో ఉంది. ఐఎస్ఓ పెరిగితే ఫొటో పాడవుతుందన్న భయం వదిలేయండి. గరుకును తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, చెదిరిన ముఖాన్ని తిరిగి తేలేం.

కాబట్టి మొదటి కొన్ని నెలలూ అపర్చర్ ప్రయారిటీ వైపే నా మొగ్గు. మాన్యువల్‌ను వెలుతురు నిలకడగా ఉన్నచోట మొదలుపెట్టాలి. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటున్న అమ్మమ్మను కిటికీ పక్కన కూర్చోమనండి. ఎఫ్/5.6, 1/125 పెట్టి, ముఖం మీది ముడతలు చక్కగా కనిపించేదాకా ఐఎస్ఓ ఒక్కటే పెంచుతూ పోండి. తర్వాత అపర్చర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగమయ్యేంత, తగ్గించి, షట్టర్‌తో సర్దండి. ముఖంలో వెలుగు మారకూడదు. అక్కణ్నుంచి వాకిట్లోకి వెళ్లేముందు ఐఎస్ఓ దించడం మరచిపోవద్దు. లోపల పెట్టిన 1600తోనే ఎండలో తీస్తే ముగ్గూ, మెట్లూ, ఆకాశమూ అన్నీ తెలుపులో కలిసిపోతాయి.