అబ్బ డైరీ, పదహారు అక్షరాలు

మా అబ్బ దగ్గర ఒక ఎరువుల కంపెనీ డైరీ ఉంది. (తాతను మా ఇంట్లో అబ్బ అంటాం, సిటీ ఫ్రెండ్స్ నవ్వొద్దు.) అందులో ఎరువుల లెక్క ఒక్కటీ లేదు, అన్నీ వాయిదా తేదీలే. మహానంది కోనేరు నుంచి బయటికొచ్చే నీళ్లు చుట్టుపక్కల తోటలకు పారుతాయి. మా అరటితోట పక్కన పోయే అలాంటి ఒక కాలవ గట్టు మాదా, పక్క తోటవాళ్లదా అన్నదే ఆ దావా. అది మొదలైనప్పుడు నేను ఏడో క్లాసు. ఇప్పుడు బీటెక్ సెకండియర్.

వాయిదా ఉందంటే అబ్బ పొద్దున్నే బస్సెక్కి టౌనుకు పోతాడు. మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుంటాడు. "జడ్జిగారు సెలవంట" అని తిరిగొస్తాడు. ఒక్కోసారి ఆ రోజు వాయిదాయే లేదని అక్కడికి పోయాక తెలుస్తుంది. డైరీలో తేదీ కొట్టేసి కింద ఇంకోటి రాసుకుంటాడు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆయన ఫోన్లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేశాను. అది సీఎన్ఆర్ నంబరు అడిగింది. ప్రతి కేసుకూ ఉండే పదహారు అక్షరాల గుర్తు అది. మొదటి ఆరు ఏ కోర్టో చెప్తాయి, తర్వాతి ఆరు కేసు వరుస నంబరు, చివరి నాలుగు సంవత్సరం. ఇన్నేళ్లుగా కేసు నడుస్తున్నా మా ఇంట్లో ఎవరికీ ఆ నంబరు తెలీదు! ప్లీడరు గుమాస్తాకు రెండుసార్లు ఫోన్ చేస్తే చెప్పాడు. కొట్టగానే కేసు మొత్తం కనబడింది. ఏ రోజు ఏం జరిగింది, తర్వాతి వాయిదా ఎప్పుడు, దేనికి, అన్నీ ఉన్నాయి.

అన్నీ ఇంగ్లీషులో.

అక్కడ ఒక తమాషా జరిగింది. నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. "క్రాస్ ఆఫ్ పీడబ్ల్యూ టూ" అని గడగడా చదివేశాను కానీ, అదేంటో నాకు తెలీదు. అబ్బకు ఇంగ్లీషు అక్షరం రాదు, కానీ వినగానే, "మన రెండో సాక్షిని వాళ్ల ప్లీడరు అడ్డప్రశ్నలు అడిగేది పాపా. అంటే ఈసారి నేను పోకపోయినా ఏం కాదు" అన్నాడు. చదవడం నాకొచ్చు, అర్థం ఆయనకు తెలుసు. ఇద్దరం కలిస్తే ఒక యూజర్ అయ్యాం.

లాయర్లకు టెక్నాలజీ అనగానే మా బ్రాంచిలో అందరి నోటా ఒకటే మాట, ఏఐ. పోయిన సెమిస్టర్ హ్యాకథాన్‌లో మా టీమ్ కూడా లీగల్ చాట్‌బాట్ చేసింది, దాచుకోవడం ఎందుకు. గట్టు తగాదా గురించి అడిగితే, హైకోర్టు తీర్పు ఒకటి పేరు, సంవత్సరంతో సహా చెప్పింది. అబ్బకు చూపిద్దామని ఇండియన్ కానూన్‌లో వెతికాను. అలాంటి తీర్పే లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలాగే చాట్‌జీపీటీ పుట్టించిన కేసుల్ని కోర్టులో పెట్టి, 5,000 డాలర్ల జరిమానా వేయించుకున్నారు. 2025లో కేరళ హైకోర్టు తన జిల్లా కోర్టులకు ఒక విధానం ఇచ్చింది. తీర్పు ఏమివ్వాలో తేల్చడానికి ఏఐని వాడకూడదని అందులో గట్టిగా చెప్పింది. మంచి పని చేసిందనే నా అభిప్రాయం. మా బాట్‌కు మాత్రం కన్సొలేషన్ ప్రైజ్ వచ్చింది.

నిజంగా పనికొచ్చేవి ఇంత హడావిడి లేకుండా ఉన్నాయి. సుప్రీంకోర్టు రిపోర్టులను ఉచితంగా ఇచ్చే ఈ-ఎస్సీఆర్ 2023 జనవరిలో వచ్చింది. చందా కట్టాల్సిన డేటాబేస్‌లు కొనలేని చిన్న టౌను జూనియర్ లాయరుకు అదీ, ఇండియన్ కానూనూ పెద్ద లైబ్రరీతో సమానం. భూమి కేసుల్లో అడంగల్, 1బి చూడాలంటే మీభూమి ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, పాత సెక్షన్ కొత్తదాంట్లో ఎక్కడుందో చూపించే ఎన్‌సీఆర్‌బీ సంకలన్ యాప్ లాయర్ల ఫోన్లలో ఉండాల్సిందే. (మోసానికి ఇప్పుడు 318 అట. "వాడొట్టి త్రీ ఎయిటీన్ గాడు" అంటే తిట్టినట్టే లేదు.)

ఇవన్నీ లాయరు టేబుల్ దాకా వచ్చి ఆగిపోతున్నాయి, అదే నా కంప్లైంటు. సుప్రీంకోర్టు 2019లో సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ తెచ్చింది, తీర్పులు తెలుగులోనూ పెడుతున్నారు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో ఏకంగా తెలుగులోనే తీర్పిచ్చింది. సంతోషం. కానీ అబ్బకు కావాల్సింది యాభై పేజీల తీర్పు కాదు, "ఈసారి నువ్వు రావాలా, వద్దా" అనే ఒక్క లైను. అందుకని లాయర్లకు నా విన్నపం ఒకటే: వకాలత్ మీద సంతకం పెట్టించుకున్న మనిషికి, కేసుకు నంబరు పడగానే ఆ పదహారు అక్షరాలు ఒక కాగితం మీద రాసివ్వండి. ఖర్చు సున్నా.

మిగతా సగం మన క్లబ్ పని. ఆ యాప్‌లో వాయిదా దేనికో చెప్పే మాటలు మళ్లీ మళ్లీ వచ్చేవే, ఒక యాభై ఉంటాయేమో. వాటికి తెలుగు రాద్దాం. "ప్రతివాది సాక్ష్యాధార విచారణ" లాంటి తెలుగు వద్దు, దానికంటే ఇంగ్లీషే నయం. దావా, వాయిదా, జప్తు, డిక్రీ అని మా అబ్బ రోజూ అనే తెలుగు కావాలి. మాటలు మీరిస్తే, పేజీ మా టీమ్ చేస్తుంది. ఈసారి చాట్‌బాట్ లేదు, ప్రామిస్.

మొదటి పన్నెండు మాటలు అబ్బ దగ్గర రాసుకొచ్చాను. "ఎక్స్‌పార్టీ" దగ్గర చాలాసేపు ఆలోచించాడు. "మనం పోకపోతే వాళ్ల మాటే నిలిచేది" అన్నాడు. ఇంతకన్నా చిన్నగా ఎవరికైనా తడితే శుక్రవారం లైబ్రరీకి రండి. సీఎన్ఆర్ నంబరు ఇప్పుడు డైరీ అట్ట లోపల పెద్ద అక్షరాలతో ఉంది. అయినా వాయిదాకు ముందురోజు సాయంత్రం ఆయన గుమాస్తాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "యాప్‌లో చూశాం కదా అబ్బా" అంటే, "జడ్జిగారికి రాత్రి జరమొస్తే నీ యాప్‌కు తెలుస్తాదా?" అంటాడు.